వాచీ చూస్తే తప్ప నేనెలా ఉన్నానో నాకే తెలియట్లేదు

సుద్దముక్క:

ముందే చెప్పేస్తున్నా, రక్త పరీక్ష, థైరాయిడ్, షుగరు అన్నీ చూపించుకున్నాను. అన్నీ మామూలుగానే ఉన్నాయి. నా గొడవ వేరు.

వయసు 41. పదహారేళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. క్లాసు మధ్యలో బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని పొద్దున పూట నీళ్లు తాగడం ఎప్పుడో మానేశాను. మొదట్లో దాహం వేసేది, ఇప్పుడు వెయ్యదు. సాయంత్రం నాలుగింటికి కణతల్లో నొప్పి మొదలైతే "ఓహో, ఇవాళ నీళ్లు తాగలేదు" అనుకుంటాను. ఆకలీ అంతే. చేతులు వణికితే తింటాను, తినడం మొదలెట్టాక ఎక్కడ ఆపాలో తెలియదు.

రెండేళ్ల కిందట స్మార్ట్‌వాచీ కొన్నాను. ఇక అదే నాకు పెద్దదిక్కు. లేచి నడవమంటే నడుస్తాను, పడుకోమంటే పడుకుంటాను. పోయిన నెల ఒకరోజు హాయిగా మెలకువ వచ్చింది, కూనిరాగం తీసుకుంటూ పక్క సర్దాను. తర్వాత వాచీ చూస్తే నిద్ర స్కోరు 58. అంతే, కళ్లు మంటలు, ఒళ్లు బరువు. మూడో పీరియడ్‌కల్లా బల్లకి ఆనుకుని పాఠం చెప్పాను. రాత్రి తలుచుకుంటే నవ్వొచ్చింది, కాస్త భయం కూడా వేసింది.

వాచీ తీసేసి వారం ఉన్నాను. ఏమీ తెలియలేదు. "శరీరం మాట విను" అని అందరూ అంటారు. వినడానికి అది మాట్లాడితే కదా! మళ్లీ నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ధ్యానం మాత్రం వద్దు. ప్రయత్నించాను, నిద్రపోయాను.

నెమ్మదిపరుగు:

ధ్యానంలో నిద్రపోయారంటే మీ శరీరం ఒక మాట చెప్పేసినట్టే కదండీ.

వాచీ మీద అలక వద్దు. లెక్క చెయ్యకుండా పుస్తకం చివర జవాబు చూసే పిల్లల్ని మీరేమంటారు? మీరు చేస్తున్నదీ అదే. ముందు మీ జవాబు రాయండి, తర్వాత చూడండి.

నేను పరుగులో ఇలాగే నేర్చుకున్నాను. స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ తయారుచేసిన స్కేలు ఒకటుంది, 6 నుంచి 20 దాకా. 6 అంటే శ్రమే లేదు, 20 అంటే ఇక నా వల్ల కాదు. విచిత్రంగా 6తో మొదలవడానికి కారణం, దాన్ని పదితో గుణిస్తే ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ల గుండె వేగానికి దగ్గరగా వస్తుందని. మన వయసుకి ఆ గుణకారం అంతగా కుదరదు, పట్టించుకోకండి. పరుగు మధ్యలో మనసులో ఒక అంకె అనుకుని అప్పుడు వాచీ చూసేవాణ్ణి. మొదటి నెల దారుణం. తేలిగ్గా ఉంది, 11 అనుకుంటే గుండె 160 కొడుతుండేది. మూడో నెలకి దారిలో పడ్డాను. ఒకరోజు వాచీ "సిద్ధం" అంది, నాకేమో రోజూ 11లా ఉండే దారి 16లా అనిపించింది. సగంలో వెనక్కి వచ్చేశాను. సాయంత్రానికి జ్వరం.

లేవగానే మీ నిద్రకి మీరే పదికి ఇన్ని అని మార్కులు వేసి కాగితం మీద రాయండి. వాచీని గంట తర్వాతే చూడండి.

గుండెలెక్క:

నాది మీకు తిరగేసిన కథ. నేను అతిగా విన్నాను. ఒకసారి పానిక్ ఎటాక్ వచ్చింది, ఆ తర్వాత ఏడాదిన్నర నా రెండు వేళ్లు మెడ మీదే. మీటింగులో కూడా. గుండె పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. దడ నిజమే. "అయిపోయాను" అన్నది నేను కలుపుకున్నది. అందుకే "శరీరం ఏం చెప్తే అది నమ్మండి" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

నాడి పట్టుకోకుండా గుండె చప్పుళ్లు లెక్కపెట్టే పరీక్ష ఒకటుంది, 1981లో రైనర్ షాండ్రీ అనే ఆయన పెట్టింది. ఇంట్లో చేశాం. నేను నిమిషానికి 95 లెక్కపెట్టాను. నాడి పట్టుకున్న మా ఆవిడ 72 అంది. అంత శ్రద్ధగా వినేవాణ్ణి, అదీ నా లెక్క! (ఆ పరీక్షకీ విమర్శలున్నాయి. చాలామంది వినకుండా "ఓ డెబ్బై ఉంటాయిలే" అని అంచనా కొట్టేస్తారట.)

ఒక్క మాట. ఛాతీ బరువు, ఊపిరి అందకపోవడం, ఒక పక్క చెయ్యో ముఖమో పడిపోవడం లాంటివి వస్తే అంచనాలూ మార్కులూ వద్దు. నేరుగా ఆసుపత్రికి.

రాత్రిడ్యూటీ:

నర్సుని. మన రెండు ఉద్యోగాలదీ ఒకటే జబ్బు టీచర్‌గారూ, బాత్రూమ్‌ని వాయిదా వెయ్యడం.

శరీరం మాట్లాడట్లేదు అన్నారు. మెదడు నుంచి గుండె, కడుపు దాకా వెళ్లే వేగస్ అనే నరంలో ఎక్కువ పోగులు లోపలి కబుర్లు మెదడుకి మోసుకెళ్లేవే. అది చెబుతూనే ఉంటుంది. మీరు పదహారేళ్లు "తర్వాత" అన్నారు, అంతే.

ఆకలి విషయంలో ఓపిక పట్టండి. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది యువకుల్ని ఆర్నెల్లు సగం తిండితో ఉంచారు. మళ్లీ బాగా పెట్టాక కూడా కొందరికి ఎంత తిన్నా తృప్తి లేదు, కుదుటపడటానికి నెలలు పట్టింది. మీది అంత పెద్ద కథ కాదు గానీ, పూటలు ఎగ్గొట్టేవాళ్లు "ఆకలి వేస్తే తింటా" అని కూర్చుంటే కుదరదు. కొన్నాళ్లు టైముకి తినండి, ఆకలి దానంతట అదే వస్తుంది.

ఇంకోటి, మీ 58 సంగతి. 2014లో ఒక ప్రయోగంలో కొందరికి వాళ్ల నిద్ర బాగాలేదని ఉత్తుత్తి కొలతలు చూపించి చెప్పారు. వాళ్లు నిజంగానే పరీక్షల్లో వెనకబడ్డారు. మీరు ఒంటరి కాదు.

సుద్దముక్క:

మూడు వారాలయింది. కాగితం పెట్టాను. మొదటి పది రోజుల్లో నా మార్కూ వాచీ మార్కూ కలిసింది నాలుగుసార్లే. కలవని రోజుల్లో ఒళ్లు ఎలా ఉందో సాయంత్రం రాసుకుంటే, ఎక్కువసార్లు నా మార్కే సరిపోయింది. ఆకలి ఇంకా సరిగ్గా రాలేదు. మధ్యాహ్నం పూట మాత్రం కడుపులో చిన్న గుడగుడ తెలుస్తోంది, చేతులు వణకకముందే.

నీళ్ల సీసా బల్ల మీద పెట్టుకుంటున్నాను. నిన్న మూడో పీరియడ్ మధ్యలో, జీవితంలో మొదటిసారి, "ఈ లెక్క చేస్తూ ఉండండి" అని చెప్పి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాను. పదహారేళ్లు దేనికి బిగబట్టానో గానీ, ఒక్క పిల్లాడూ తల ఎత్తలేదు.