పిరుదు ఎముక దగ్గర నొప్పి: పశ్చిమోత్తానాసనం ఆపాలా, చేస్తూ ఉండాలా?

ఉదయసాధన:
ఎడమవైపు, సరిగ్గా మనం కూర్చునే ఎముక దగ్గర నొప్పి. ముందుకు వంగితే ఎక్కువవుతోంది. ఆఫీసు కుర్చీలో గంటసేపు కూర్చుని లేస్తే పట్టేస్తోంది. డాక్టరు చూసి, తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్ టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటిది) దెబ్బతిందని, చిరగలేదని చెప్పారు. ఫిజియో పశ్చిమోత్తానాసనంతో (కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగేది) సహా ముందుకు వంగే ఆసనాలన్నీ ఆపమన్నారు. మా గురువుగారేమో "అది బిగుతు, మెల్లగా సాగదీస్తే వదులుతుంది, సాధన మానకు" అంటున్నారు. ఇద్దరి మీదా నాకు నమ్మకం ఉంది. ఏళ్ల తరబడి చేస్తున్న సాధన వదలాలంటే మనసు ఒప్పుకోవడం లేదు. మీరైతే ఎవరి మాట వింటారు?

పాతసాధకుడు:
గురువుగారి మాటే వింటాను. నాకు నడుము పట్టేసినప్పుడు అందరూ మంచం దిగొద్దన్నారు. నన్ను లేపి నిలబెట్టింది ఆసనాలే. ఇప్పుడు కాస్త నొప్పి అనగానే అన్నీ ఆపమంటున్నారు. అలా ఆపేసినవాళ్లలో మళ్లీ చాప పరిచినవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. నా భయమంతా అదే.

ఫిజియో_నెల్లూరు:
పాతసాధకుడు గారూ, నడుము పట్టేయడం వేరు, ఇది వేరు. ఆ టెండన్ మనం కూర్చునే ఎముకకే అతుక్కుని ఉంటుంది. మోకాళ్లు చాపి ముందుకు వంగితే అది సాగడమే కాదు, ఎముకకేసి నొక్కుకుంటుంది కూడా. బావి గట్టుకు రాసుకునే చేంతాడులా రోజూ అదే చోట ఒత్తిడి. సాగదీసిన కాసేపు హాయిగా ఉంటుంది, అందుకే బిగుతు అనుకుంటారు. మర్నాడు పొద్దున చూస్తే నొప్పి పెరిగి ఉంటుంది.

అలాగని పూర్తిగా పడుకోవడమూ తప్పే. పని లేకపోతే టెండన్ ఇంకా బలహీనపడుతుంది. దానికి కావలసింది సాగదీత కాదు, బరువు. సేతుబంధాసనంలో వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి తుంటి పైకెత్తి, కదలకుండా అరనిమిషం దాకా నిలపండి. అది సులువయ్యాక పాదాలు తుంటికి కొంచెం దూరం జరపండి, ఆ తర్వాత ఒంటికాలి మీద. బోర్లా పడుకుని కాళ్లు పైకెత్తే శలభాసనం కూడా మంచిదే. ఒంటికాలి మీద నిలబడి ముందుకు వంగే వీరభద్రాసనం మూడోది మాత్రం చాలా తర్వాత. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉన్నా ఫర్వాలేదు, మర్నాటికి మామూలుకు రావాలి. రాకపోతే ముందురోజు ఎక్కువ చేసినట్టు లెక్క. టెండన్ కుదుటపడడానికి వారాలు సరిపోవు, నెలలు పడుతుంది.

మోకాలి కిందికి తిమ్మిరి, మంట పాకితే అది నడుము నుంచి వచ్చే నరాల సమస్య కావచ్చు. టప్‌మని చప్పుడై తొడ వెనక నల్లగా కమిలితే చిరిగి ఉండొచ్చు. ఆ రెండింటికీ వెంటనే డాక్టర్ని కలవాలి.

పాతసాధకుడు:
మీరు చెప్పింది అర్థమైంది. కానీ ఒంటికాలి మీద బరువులు, సెకన్లు లెక్కపెట్టడం, కుర్చీలు, దిండ్లు... ఇదంతా వ్యాయామం. దాన్ని యోగా అని ఎలా అంటాం?

చెన్నైనుంచి:
అన్నా, కుర్చీ, బెల్టు, చెక్క ఇటుకలతో ఆసనాలు నేర్పి ప్రపంచమంతా తెలిసేలా చేసింది బి.కె.ఎస్. అయ్యంగార్. 1979లో స్కూటర్ ప్రమాదంలో ఆయన వెన్నుకే దెబ్బ తగిలింది. తర్వాత కూడా సాధన మానలేదు, మళ్లీ మెల్లగా కట్టుకుంటూ వచ్చారు. 1976లో ఇక్కడ కృష్ణమాచార్య యోగ మందిరం పెట్టిన దేశికాచార్ పద్ధతి కూడా మనిషిని బట్టి ఆసనం మార్చడమే. వాళ్లు చేసింది యోగా అయినప్పుడు, ఈమె మోకాళ్లు వంచి చేసేదీ యోగానే.

నాకు అసలు కోపం గుంపు క్లాసుల మీద. పార్కులో పన్నెండు సూర్యనమస్కారాలు చేయిస్తారు. ఒక్కోదానిలో పాదహస్తాసనం (నిలబడి వంగి పాదాలు అందుకోవడం) రెండుసార్లు వస్తుంది, అంటే ఇరవై నాలుగుసార్లు పూర్తిగా వంగాలి. అందరూ నిటారు కాళ్లతో ఉన్నప్పుడు ఒక్కరే మోకాళ్లు వంచాలంటే మొహమాటం. పైగా కొందరు టీచర్లు వెనక నుంచి వచ్చి వీపు మీద నొక్కుతారు. ఈ దెబ్బ ఉన్నవాళ్లను అలా నొక్కడం ఘోరం. ఉదయసాధన గారూ, క్లాసు మొదలవకముందే టీచరుకు గట్టిగా చెప్పండి: నన్ను ముట్టుకోవద్దు, నా పాదహస్తాసనం కుర్చీ మీద చేతులు పెట్టి సగం వరకే.

పాతసాధకుడు:
నొక్కడం తప్పే, అందులో వాదన లేదు. పేరు ఏదైనా పొద్దున్నే చాప మీదికి రావడం మానకపోతే నాకు అభ్యంతరం లేదు. కానీ పశ్చిమోత్తానాసనం జన్మలో ముట్టుకోవద్దంటే మాత్రం ఒప్పుకోను.

ఫిజియో_నెల్లూరు:
జన్మలో అనలేదండీ. నొప్పి లేకుండా కూర్చోగలగాలి, ఒంటికాలి సేతుబంధం రెండువైపులా సమానంగా రావాలి. అప్పుడు మోకాళ్లు వంచి, కింద మడిచిన దుప్పటి వేసుకుని మొదలుపెట్టొచ్చు. నుదురు మోకాలికి తగలాలన్న పట్టుదల మాత్రం నన్నడిగితే ఎవరికీ అవసరం లేదు.

ఉదయసాధన:
రేపు గురువుగారికి ఈ టెండన్, ఎముక సంగతి వివరంగా చెప్తాను. ఆయన వింటారనే అనుకుంటున్నా. వినకపోయినా, వంగే ఆసనాల వంతు వచ్చినప్పుడు నేను పక్కన సేతుబంధాసనం చేసుకుంటాను. ఒక్క సందేహం: ఇంట్లో కింద కూర్చునే భోజనం చేస్తాం. మెత్త వేసుకుంటే సరిపోతుందా, కొన్నాళ్లు బల్ల మీదే తినాలా?

ఫిజియో_నెల్లూరు:
బల్ల మీద తినండి. కుర్చీ మీద కూడా మెత్త వేసుకోండి, అరగంటకోసారి లేచి నిలబడండి.