అప్‌డేట్: డౌన్ సిండ్రోమ్ ఉన్న అన్నయ్యకు నాలుక క్యాన్సర్, చికిత్సకు ముందు చూసుకోవాల్సినవి

చెన్నైలో ఆపరేషన్, ఆపైన రేడియేషన్ అన్నారు, ముందుగా ఏమేం చూసుకోవాలని అడిగాను కదండీ. తేలినవి ఇవి.

అన్నిటికన్నా ముఖ్యం మెడ. డౌన్ సిండ్రోమ్‌లో పై రెండు వెన్నుపూసల మధ్య పట్టు వదులుగా ఉండొచ్చు. మత్తిచ్చి శ్వాస గొట్టం వేసేటప్పుడు, మెడ గడ్డలు తీసేటప్పుడు తల బాగా వెనక్కి వంచితే వెన్నుపాము నలగొచ్చు. నడక తడబడుతున్నా, చేతుల్లో పట్టు తగ్గినా ముందే ఎంఆర్ఐ అడగండి. ఎక్స్‌రే బాగున్నా సరే, మెడ అతిగా వంచొద్దని కేస్ షీట్‌లో రాయించండి.

పాడైన పళ్లు రేడియేషన్‌కు కనీసం రెండు వారాల ముందే తీయించాలి. తర్వాత తీస్తే దవడ ఎముక మానక దెబ్బతినొచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు చిగుళ్ల జబ్బు ఎక్కువ, వాయిదా వేయకండి.

సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తామంటే ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ రక్తపరీక్ష), ఎకో (గుండె స్కాన్) తప్పనిసరి. ఆ మందు వినికిడినీ కిడ్నీనీ దెబ్బతీస్తుంది, దాంతోపాటు ఎక్కించే సెలైన్ లోపమున్న గుండెకు భారం. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఇప్పుడొకసారి, రేడియేషన్ తర్వాత 6–12 నెలలకోసారి.

రేడియేషన్‌లో తల కదలకుండా ముఖానికి మాస్క్ వేస్తారు. దాని ప్లాస్టిక్ షీట్‌ను వేడినీళ్లలో మెత్తబరిచి, తడిగా, వెచ్చగా ముఖం మీద నొక్కి బిగిస్తారు. చెప్పకుండా వేస్తే బెదిరిపోతారు. ముందురోజే షీట్ ముట్టుకోనివ్వమనండి, ముఖం తెరిచి ఉండే మాస్క్ దొరుకుతుందేమో అడగండి.

నొప్పి నోటితో చెప్పకపోవచ్చు. ముద్ద పక్కన పెట్టేయడం, చొంగ కారడం, నిద్ర చెడటం చూడండి. వారానికోసారి బరువు తూయండి.