ఉపవాసం పేరుతో తిండి మానేస్తున్న చెల్లిని డాక్టర్ దగ్గరికి ఎలా ఒప్పించాలి?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. చెల్లికి 21 ఏళ్లు. సంక్రాంతికి పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు "పిల్ల కాస్త ఒళ్లు చేసింది" అన్నారు, అప్పటినుంచి సోమవారం, శనివారం ఉపవాసాలు మొదలుపెట్టి ఇప్పుడు దాదాపు రోజూ ఏదో ఒక వ్రతం అంటోంది. ఇంట్లో అందరూ భక్తి అని మెచ్చుకుంటున్నారు, నాకు అదే భయం. చుట్టాలిళ్లలో బలవంతంగా కొసరి వడ్డిస్తే తింటుంది, వెంటనే బాత్‌రూమ్‌లోకి వెళ్లి వాంతి చేసుకుంటుంది. మూడు నెలలుగా నెలసరి లేదు, జుట్టు రాలుతోంది, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి.

థైరాయిడ్ పరీక్ష నార్మల్, ఊళ్లో డాక్టర్ ఐరన్ మాత్రలు ఇచ్చారు. అమ్మ తిట్టింది, నేను బతిమాలాను, లాభం లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే సైకియాట్రిస్టుకి చూపించమన్నారు, వాంతుల వల్ల పొటాషియం పడిపోతే గుండెకి ప్రమాదమట, రక్తపరీక్ష కూడా చేయించమన్నారు. కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్దామంటే "నాకేం పిచ్చా" అని ఏడుస్తోంది, నాన్నేమో ఊళ్లో తెలిస్తే సంబంధాలు రావంటున్నారు.

మీ ఇంట్లో ఇలాంటి అమ్మాయిని మొదటిసారి సైకియాట్రిస్టు దగ్గరికి ఏం చెప్పి ఒప్పించారు?