ఇనీషియేటివ్ (ఫైట్‌ల ఎవరి వంతు ముందో తేల్చే డైస్) వేసుడుకే పది నిమిషాలు పోతున్నయ్, మీరెట్ల నడిపిస్తున్నరు?

హన్మకొండ_డీఎం:
డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలు వేసి డైస్‌తోని ఆడే ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్, ఒకటో లెవెల్, ఆరుగురు ప్లేయర్లు, ఆట నడిపే డీఎంను నేను. ఓరుగల్లు కోట మట్టికట్ట మీద ఎనిమిది గాబ్లిన్లతోని (చిన్న రాక్షసులు) ఫైట్ పెట్టిన. ఒక్కోదానికి వేరే వేరే డీ20 (ఇరవై ముఖాల డైస్) వేసి పద్నాలుగు నంబర్లు వరుస పెట్టేసరికి అందరు ఫోన్లల్ల పడ్డరు. తర్వాతి ఫైట్‌ల ఎనిమిదింటికి కలిపి ఒక్కటే డైస్ వేస్తే 19 పడ్డది, విజార్డ్ (మంత్రగాడు) తన వంతు రాకముందే కిందపడ్డడు. నంబర్ సమానమొస్తే ఎవరు ముందనేది ఇంకో లొల్లి. ఏం చెయ్యాలె?

పాత_డైస్:
ఒకే రకం రాక్షసులకు ఒక్కటే డైస్ వెయ్యమని పుస్తకంలోనే ఉంది. తప్పు డైస్‌ది కాదు, గుంపు సైజుది. లెక్క చూడండి: గాబ్లిన్ షార్ట్‌బో (చిన్న విల్లు)కు డీ20 మీద +4, డ్యామేజ్ డీ6+2 (ఆరు ముఖాల డైస్‌కు 2 కలిపి), అంటే సగటున 5.5. విజార్డ్ ఏసీ (దెబ్బ తగలాలంటే చేరాల్సిన నంబర్) 12 అయితే ఒక్కో బాణం తగిలే అవకాశం 65 శాతం. ఎనిమిదీ ఆయన మీదికే వదిలితే దాదాపు 29 డ్యామేజ్. ఆయన దగ్గరున్నది ఏ 8 హెచ్‌పీయో (ప్రాణం లెక్క)!

నాలుగు నాలుగుగా విడగొట్టి రెండు డైస్‌లు వేయండి. నాలుగు బాణాలు కూడా ఒకరి మీదికే వెళ్తే విజార్డ్ మళ్ళీ పడతాడు, కాబట్టి గురి కూడా పంచాలి. డైస్ అసలు వద్దనుకుంటే 10కి డెక్స్ (చురుకుదనం) మాడిఫయర్ కలపండి. గాబ్లిన్‌కు 12, ఇంట్లోనే రాసుకుని రావచ్చు. రెండు మూడు ఫైట్లకే ప్లేయర్లు ఆ 12ని పసిగడతారు గనక గాబ్లిన్ల నాయకుడికి మాత్రం డైస్ వేయడమే మేలు.

సమానం వస్తే: ప్లేయర్ల మధ్య వాళ్ళే తేల్చుకుంటారు, మిగతాదంతా డీఎం ఇష్టం. నేనైతే డెక్స్ ఎక్కువున్నవాళ్ళను ముందు పంపిస్తా. పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట రెండో ఎడిషన్‌లో అయితే శత్రువుదే ముందు.

ఇస్పేటు_జోకర్:
నంబర్లు రాసుడెందుకన్నా, బట్టల క్లిప్పులు తీస్కో. ఒక్కోదాని మీద మార్కర్‌తోని పేరు రాసి డీఎం ముందు పెట్టుకునే అట్ట స్క్రీన్ పైఅంచుకు వరుసగ పెట్టు. చచ్చినోని క్లిప్పు పీకేసుడే. వంతు పిలిచేటప్పుడు ఒక్క పేరు కాదు, రెండు చెప్పాలె: “ఇప్పుడు రోగ్, తయారుగుండు క్లెరిక్.” క్లెరిక్ అప్పుడే స్పెల్ వెతుక్కుంటడు. టైమంతా పొయ్యేది అక్కడ్నే, డైస్ దగ్గర కాదు.

సావేజ్ వరల్డ్స్ అనే ఆటల ఇనీషియేటివ్‌కు డైసే లేదు, పత్తాలు పంచుతరు. రెండు జోకర్లతోని 54 పత్తాలు, ఎక్కా పెద్దది. నంబర్ ఒక్కటే అయితే ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు, ఇదీ వరుస. జోకర్ పడ్డోడు ఎప్పుడంటే అప్పుడు దిగుతడు, దెబ్బకు +2 గూడ. ఆ రౌండ్ అయినంక కట్ట మళ్ళ కలపాలె.

హన్మకొండ_డీఎం:
పత్తాలు మంచిగున్నయ్. ఐదో ఎడిషన్‌ల గూడ రౌండ్‌కోసారి పంచితే?

పాత_డైస్:
వద్దు. ఆ ఎడిషన్‌లో చాలా ఎఫెక్టులు “నీ తర్వాతి వంతు ముగిసేదాకా” అని ఉంటాయి. మాంక్ (సన్యాసి యోధుడు) మొదటి రౌండ్‌లో చివర దిగి ఒకణ్ణి స్టన్ చేశాడనుకోండి, అంటే ఏమీ చెయ్యలేకుండా కొట్టాడు. రెండో రౌండ్‌లో అతనికే మొదటి వంతు వస్తే, దెబ్బ తిన్నవాడి వంతు రాకముందే స్టన్ వదిలిపోతుంది. దానికి ఖర్చుపెట్టిన కీ పాయింట్ దండగ. పత్తాలే కావాలంటే ఫైట్ మొదట్లో ఒక్కసారి పంచి, అదే వరుస చివరిదాకా ఉంచండి. అప్పుడు డెక్స్‌కు విలువ పోతుంది, డెక్స్ మీదే బతికే రోగ్ ఆడేవాళ్ళు ఒప్పుకోరు.

కాజీపేట_క్లెరిక్:
ఇంకోటి: ఐదో ఎడిషన్‌ల డిలే లేదు. “నేను తర్వాత దిగుత” అంటే కుదరది. రెడీ యాక్షన్ (“ఇది జరిగితే నేనిది చేస్త” అని ముందే చెప్పుడు) పెట్టుకోవచ్చు గని అందులకు రియాక్షన్ (వేరేటోళ్ళ వంతుల చేసే ఒక్క పని) ఖర్చయితది, ఇగ పారిపోయెటోని మీద అవకాశపు దెబ్బ ఉండదు. సర్‌ప్రైజ్‌కు (తెలువకుండ మీదపడుడుకు) గూడ వేరే రౌండ్ లేదు. డైస్ అందరు వేస్తరు, దొరికిపోయినోడు మొదటి వంతుల కదలడు, ఏం చెయ్యడు, ఆ వంతు అయ్యేదాక రియాక్షన్ గూడ లేదు. 2024 రూల్స్‌ల అయితే గంత శిక్ష లేదు, ఇనీషియేటివ్ డిసడ్వాంటేజ్‌తోని (రెండు డీ20లు వేసి తక్కువది తీస్కొనుడు) వేసుడే.

హన్మకొండ_డీఎం:
సరే, గాబ్లిన్లకు ఎర్ర క్లిప్పులు రెండు, నాయకునికి ఒకటి, ప్లేయర్లకు ఆరు. తొమ్మిదే.