ఇల్లు చూడకుండా టోకెన్ పంపాలా, హైదరాబాద్ వచ్చాక వెతుక్కోవాలా?

కాకినాడ_నుంచి
నమస్కారమండీ. వచ్చే నెల ఒకటో తారీకున ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో కొత్త ఉద్యోగంలో చేరాలి. నేను, నా భార్య, నాలుగేళ్ళ పాప, మా అమ్మ. హైదరాబాద్‌లో మాకు తెలిసినవాళ్ళెవరూ లేరు. ఒక బ్రోకర్ మణికొండలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ వీడియో పంపాడు. అద్దె 26 వేలు, మెయింటెనెన్స్ వేరే, రెండు నెలల అడ్వాన్స్, అతనికి ఒక నెల అద్దె. రేపు సాయంత్రంలోగా టోకెన్ 10 వేలు పంపకపోతే వేరే పార్టీకి ఇచ్చేస్తానంటున్నాడు. వీడియోలో ఇల్లు బాగానే ఉంది. పంపేయమంటారా, వచ్చి చూసుకోమంటారా? రెండు రోజుల నుంచి ఇదే టెన్షన్.

నల్లగండ్ల_నైట్‌షిఫ్ట్
పంపకండి. ఒక్క రూపాయి కూడా పంపకండి. నేను ఈ ఊరొచ్చి పదకొండేళ్ళయింది, ఏడు ఇళ్ళు మారాను, కాబట్టి తెలిసే చెబుతున్నాను. ముందు మీరొక్కరే వచ్చి గచ్చిబౌలి వైపు ఏదో ఒక హాస్టల్‌లో పది రోజులు ఉండండి. సాయంత్రాలు వీధులు తిరగండి, టు-లెట్ బోర్డులు ఇప్పటికీ గేట్లకు వేలాడుతూనే ఉంటాయి, వాచ్‌మన్‌ను అడిగితే బ్రోకర్ లేకుండానే ఓనర్ నంబర్ దొరుకుతుంది. వీడియోలో మీకు గోడలు కనిపిస్తాయి, నీళ్ళు కనిపించవు. మంజీరా నీళ్ళ కనెక్షన్, అంటే ప్రభుత్వ కుళాయి నీళ్ళు, ఉందా, బోరు మీదే నడుస్తోందా, ఎండాకాలంలో ట్యాంకర్లు తెప్పిస్తే ఆ ఖర్చు ఫ్లాట్లకు ఎలా పంచుతారు అని అడగండి. మెయింటెనెన్స్ రెండు వేలని చెప్పి ఏప్రిల్‌లో నాలుగు వేలు తీసుకున్న అపార్ట్‌మెంట్‌లో ఉన్నాను నేను. ఇంకో మాట, మిలటరీలో పనిచేస్తున్నా, ట్రాన్స్‌ఫర్ మీద వెళ్తున్నా, ఇల్లు చూపించడానికి ఊళ్ళో లేను అని చెప్పి క్యూఆర్ కోడ్ పంపేవాళ్ళుంటారు. మీ బ్రోకర్ అలాంటివాడని నేననను. కానీ "రేపటిలోగా" అన్న మాట వినగానే ఆగిపోవాలి.

మియాపూర్_మెట్రో
మియాపూర్, చందానగర్ వైపు కూడా చూడండి అన్నా, మణికొండ మీద అద్దె కొంచెం తక్కువ.

రాయదుర్గం_దాకా
మియాపూర్ నుంచి మెట్రోలో అంటే అమీర్‌పేట వెళ్ళి మారాలి, పైగా అది రాయదుర్గంలో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు మళ్ళీ బస్సో క్యాబో. దానికంటే బండి మీద నేరుగా వెళ్ళిపోవడమే నయం.

కూకట్‌పల్లి_ఓనర్
నల్లగండ్ల తమ్ముడు సగమే చెప్పాడు. మీరొక్కరే వచ్చి ఇల్లు అడిగితే ఏ ఓనరైనా బ్యాచిలర్ అనే అనుకుంటాడు. ఫ్యామిలీ వెనకాల వస్తుందని అందరూ చెబుతారు, తర్వాత నలుగురు కుర్రాళ్ళు దిగుతారు. మీ భార్యను, వీలైతే అమ్మగారిని కూడా తీసుకుని శని, ఆదివారాలు రండి. ఇక టోకెన్ అడగడం మోసమేమీ కాదు. పోయిన ఏడాది నా పై పోర్షన్‌ను టోకెన్ తీసుకోకుండా ఎనిమిది రోజులు ఒకాయన కోసం ఆపాను, ఈలోగా ఇద్దరిని వెనక్కి పంపాను. ఆయన రాలేదు, ఫోనూ ఎత్తలేదు. ఆ తర్వాత ఆషాఢం వచ్చింది, ఆ నెలలో ఇల్లు మారేవాళ్ళు తక్కువ, నెల రోజులు ఖాళీగా పడి ఉంది. రిటైరైన మనిషిని, ఆ అద్దే నాకు ఆధారం. బ్రోకర్‌కు ఒక నెల ఇవ్వడం, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఒక నెల పట్టుకోవడం, ఇవన్నీ ఈ ఊళ్ళో మామూలే. ముందే తెలుసుకుని రండి.

నల్లగండ్ల_నైట్‌షిఫ్ట్
పెయింటింగ్‌కు నెల అద్దె పట్టుకోవడం ఎప్పటి నుంచి మామూలైంది సార్? నేను 14 నెలలున్న ఇంట్లో 22 వేలు కోశారు. మేకు ఒక్కటీ కొట్టలేదు. మేం ఖాళీ చేసిన మూడో రోజే ఆ ఇంట్లో వేరేవాళ్ళు దిగారు. కిందింటావిడ చెప్పింది, సున్నం కూడా వేయలేదట. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ చదవండి. ఇల్లు తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి, నిజమే, కానీ మామూలు వాడకంతో వచ్చే అరుగుదలను అక్కడే మినహాయించారు. గోడ రంగు వెలిస్తే అది అరుగుదల కాదా?

కూకట్‌పల్లి_ఓనర్
అదే సెక్షన్ మొదటి వాక్యం వదిలేశావు తమ్ముడూ. వేరే ఒప్పందం గానీ స్థానిక ఆనవాయితీ గానీ లేనప్పుడు అని ఉంటుంది. నువ్వు సంతకం పెట్టిన 11 నెలల అగ్రిమెంట్‌లో పెయింటింగ్ మాట ఉండే ఉంటుంది. నువ్వు మేకు కొట్టలేదేమో, నా ఇంట్లో ఏసీ కోసం గోడకు రంధ్రం పెట్టి, ఖాళీ చేశాక దాన్ని సిమెంటుతో కూడా పూడ్చకుండా వెళ్ళారు. వంటింట్లో పొయ్యి వెనక నూనె జిడ్డు గీకడానికే ఇద్దరు మనుషులకు ఒక రోజు పట్టింది. పిల్లలు క్రేయాన్లతో గీసిన గోడకు రెండు కోటింగులు వేసినా గీతలు కనిపించాయి.

నల్లగండ్ల_నైట్‌షిఫ్ట్
పాడైనదానికి పట్టుకోండి, నేను వద్దనలేదు. పాడుచేయనివాడి దగ్గర కూడా పట్టుకుంటున్నారే, అదీ నా బాధ. బిల్లు చూపించమంటే ఒక్క ఓనర్ కూడా చూపించడు.

కూకట్‌పల్లి_ఓనర్
నేను చూపిస్తాను. నా దగ్గర బిల్లులన్నీ ఉన్నాయి.

నల్లగండ్ల_నైట్‌షిఫ్ట్
మీరు చూపిస్తే సరిపోయిందా? నా 22 వేలు ఎవరు చూపిస్తారు?

తార్నాక_టీచర్
ఆ అబ్బాయి అడిగింది టోకెన్ గురించి, మీరిద్దరూ గోడల దగ్గరే ఉండిపోయారు. బాబూ, మీ అమ్మగారు ఉంటారన్నావు కదా, ముందు లిఫ్ట్ చూడు. లిఫ్ట్ ఉంటే సరిపోదు, కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద లిఫ్ట్ నడుస్తుందా, కారిడార్ లైట్లే వెలుగుతాయా అని అడుగు. మా అమ్మ ఒకసారి నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చి వారం పాటు మంచం దిగలేదు. పెద్దవాళ్ళు సాయంత్రం నడవడానికి దగ్గర్లో పార్కో గుడో లేకపోతే ఈ ఊళ్ళో నాలుగు గోడల మధ్య కుమిలిపోతారు. పాప బడి కూడా ముఖ్యం. ఆఫీసుకు నువ్వెలాగైనా వెళతావు, నాలుగేళ్ళ పిల్లను గంటసేపు స్కూల్ బస్సులో కూర్చోబెట్టకు.

మియాపూర్_మెట్రో
టీచర్ గారు చెప్పింది కరెక్ట్.

కాకినాడ_నుంచి
చాలా థాంక్సండీ. లిఫ్ట్ సంగతి నాకసలు తట్టలేదు. రెండు నెలల కంటే ఎక్కువ అడ్వాన్స్ అడిగితే కాదనవచ్చా? ఇంకో చోట మూడు నెలలు అడిగారు.

రాయదుర్గం_దాకా
కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టం తెచ్చింది, ఇళ్ళకు రెండు నెలలకు మించి అడ్వాన్స్ వద్దని అందులో ఉంది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. కాబట్టి బేరమాడండి, అంతే. ఓనర్ పాన్ నంబర్ కూడా ముందే అడగండి, ఏడాది అద్దె లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు కోసం ఆఫీసులో కావాలంటారు. చేరాక అడిగితే మొహం చాటేస్తారు.

నల్లగండ్ల_నైట్‌షిఫ్ట్
పాన్ ఇవ్వరు, రసీదు ఇవ్వరు, బిల్లు ఇవ్వరు. మన దగ్గర మాత్రం ఆధార్, ఆఫీసు ఐడీ, సొంతూరు అడ్రసు, అన్నీ కావాలి. అవి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. అన్నిటికంటే ముందు అడిగేది వేరే ఉంది, అదెవరూ ఇక్కడ రాయలేదు. ఫోనెత్తగానే "మీరేమిట్లు?" అంటారు. అద్దె ఎంతివ్వగలరు అనీ కాదు, ఎంతమంది ఉంటారు అనీ కాదు.

కూకట్‌పల్లి_ఓనర్
అడిగితే తప్పేముంది? కింద మేముంటాం, పైన వాళ్ళుంటారు. ఒకటే మెట్లు, ఒకటే గేటు. వంట వాసన దగ్గర్నుంచి పండగల దాకా రోజూ కలిసి బతకాలి. నా కష్టార్జితంతో కట్టుకున్న ఇల్లు, ఎవరికివ్వాలో నేను చూసుకోకూడదా? నచ్చకపోతే వేరే ఇల్లు చూసుకోవచ్చు, ఎవరూ బలవంతం చేయట్లేదు.

నల్లగండ్ల_నైట్‌షిఫ్ట్
వేరే ఇల్లు చూసుకోవచ్చు అని ఎంత తేలిగ్గా అన్నారండీ. నా మూడో ఇల్లు వెతికేటప్పుడు మా ఆవిడకు ఏడో నెల. ఎండలో ఆమెను బండి మీద వెనక కూర్చోబెట్టుకుని పదహారు ఇళ్ళు తిరిగాను. ఒక ఇల్లు ఆమెకు బాగా నచ్చింది, బాల్కనీలోకి వేపచెట్టు కొమ్మ వచ్చేది. ఓనరు గారు మంచినీళ్ళిచ్చారు, కూర్చోబెట్టారు, అద్దె కూడా మాట్లాడేశాం. లేవబోతుంటే అడిగారు, చెప్పాను. "ఇంట్లో వాళ్ళను అడిగి చెబుతాను" అన్నారు. రాత్రి ఫోన్ చేస్తే వేరేవాళ్ళకిచ్చేశామన్నారు. మర్నాడు నా కొలీగ్‌తో చేయిస్తే, వాడి ఇంటిపేరు విని, ఖాళీగానే ఉంది, వచ్చి చూసుకోండి అన్నారు. అదే ఇల్లు, అదే నంబర్. ఆ సంగతి మా ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు. పెయింటింగ్ 22 వేలు నేను మర్చిపోగలను సార్, ఇది నా వల్ల కావట్లేదు.

టోలీచౌకీ_నుంచి
పేరు చెప్పగానే ఫోన్ కట్ చేసినవాళ్ళు నాకైతే లెక్కలేనంతమంది. ఆఫీసు పక్కనే ఇల్లు కావాలని నాకూ ఉంటుంది. చివరికి మావాళ్ళున్న ఏరియాలోనే తీసుకున్నాను.

కూకట్‌పల్లి_ఓనర్
తమ్ముడూ, నీకు జరిగింది తప్పే. నీళ్ళిచ్చి కూర్చోబెట్టి అలా అబద్ధం చెప్పకూడదు. కానీ నా సంగతి కూడా విను. ఆరేళ్ళ క్రితం ఒకాయన నా పై పోర్షన్‌లో దిగి మొదటి మూడు నెలలు బాగా కట్టాడు, తర్వాత తొమ్మిది నెలలు ఒక్క పైసా ఇవ్వలేదు. అడిగితే కోర్టుకు వెళ్ళమన్నాడు. మా ఆవిడకు అప్పుడే గుండె ఆపరేషన్ అయింది, ఆయన పైన టీవీ పెద్దగా పెట్టేవాడు, అది వినబడుతుంటే ఆమె రాత్రంతా కూర్చునే ఉండేది. చివరికి నేనే 50 వేలు ఇచ్చి ఖాళీ చేయించాను, నా ఇంట్లోంచి పంపడానికి నేనే ఎదురిచ్చాను. అప్పటి నుంచి మనిషిని అన్ని విధాలా చూసుకున్నాకే ఇస్తున్నాను. భయంతో అడుగుతున్నా, అహంకారంతో కాదు.

నల్లగండ్ల_నైట్‌షిఫ్ట్
మీకు జరిగింది దారుణం, నేను కాదనను. ఒక్కటే అడుగుతాను. ఆయన్ని కూడా "మీరేమిట్లు" అని అడిగే ఇచ్చారా?

మియాపూర్_మెట్రో
ఇక చాలు అన్నా, వదిలేయండి.

తార్నాక_టీచర్
వదిలేయకండి. ఆయన్ని చెప్పనివ్వండి.

కూకట్‌పల్లి_ఓనర్
అడిగే ఇచ్చాను. మావాళ్ళే. మా బావమరిదికి తెలిసినవాళ్ళని చెబితే అగ్రిమెంట్ కూడా రాయించుకోలేదు.

నల్లగండ్ల_నైట్‌షిఫ్ట్
అగ్రిమెంట్ లేకుండా ఇచ్చారన్నమాట. నేను పాత ఓనర్ నంబర్ ఇస్తాను, ఆఫీసు లెటర్ ఇస్తాను, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ఇస్తాను, అవి చూసి కాదనండి, నాకు బాధ ఉండదు. అద్దె కట్టేవాడా కాదా అన్నది వాటిలో తెలుస్తుంది.

కూకట్‌పల్లి_ఓనర్
ఇల్లు ఎవరికివ్వాలన్నది నా ఇష్టమే అని ఇప్పటికీ అంటాను. ఆ కాగితాలు అప్పుడే అడిగి ఉండాల్సింది, అది మాత్రం ఒప్పుకుంటున్నాను.

కాకినాడ_నుంచి
అందరికీ ఏం జరిగిందో చెప్పాలని వచ్చాను. టోకెన్ పంపలేదు. శుక్రవారం రాత్రి రైలెక్కి మా ఆవిడతో వచ్చాను. మణికొండ ఫ్లాట్ అప్పటికి ఎవరికీ పోలేదు, వెళ్ళి చూశాం. బోరు నీళ్ళే, బకెట్‌లో పడితే పసుపు రంగు వస్తోంది. జనరేటర్ ఉంది గానీ లిఫ్ట్‌కు లేదు. ఆదివారం పుప్పాలగూడ వైపు నడుస్తుంటే టు-లెట్ బోర్డు కనిపించింది. మొదటి అంతస్తు, 24 వేలు, మంజీరా కనెక్షన్ ఉంది, సందు చివర చిన్న గుడి. రెండు నెలల అడ్వాన్స్‌కు రసీదిచ్చారు. పెయింటింగ్‌కు అసలు ఖర్చు మాత్రమే, బిల్లు చూపించి పట్టుకోవాలని అగ్రిమెంట్‌లో రాయించాను, కొంచెం గొణిగినా ఒప్పుకున్నారు.

ఒక్క విషయం. ఆ ఓనర్ కూడా అడిగారండీ. నోరు దానంతటదే చెప్పేసింది. "మనవాళ్ళే" అని నవ్వి వెయ్యి తగ్గించారు. ఇల్లు కావాలి, జాయినింగ్ దగ్గరకొచ్చేసింది, ఊరుకున్నాను. తిరుగు రైల్లో మాత్రం నల్లగండ్ల అన్న చెప్పిన వేపచెట్టు బాల్కనీయే గుర్తొస్తూ ఉంది.

నల్లగండ్ల_నైట్‌షిఫ్ట్
మీ తప్పేం లేదు తమ్ముడూ. అమ్మగారిని జాగ్రత్తగా తీసుకురండి. దిగే ముందు ప్రతి గదికీ ఫోటోలు తీసి తారీకుతో సహా ఓనర్‌కు వాట్సాప్ చేయండి, ఖాళీ చేసే రోజు పనికొస్తాయి. ఎప్పుడైనా ఆ వీధిలో ఇల్లు ఖాళీ అయితే నాకొక మాట చెప్పండి. వచ్చే ఏడాది మేమూ మారాలి.