గోపాలపురమా, విశాఖపట్నమా? పాత సముద్రతీర తైలవర్ణ చిత్రం గురించి

ప్రశ్న (బరంపురం నుంచి):
మా ఇంట్లో తాతల నాటి చిన్న తైలవర్ణ చిత్రం ఒకటి ఉంది. ఎత్తు జానెడు, వెడల్పు జానెడున్నర ఉంటుంది. ఇసుక ఒడ్డు, ఎడమవైపు అలలకు ఎదురు వెళుతున్న ఎత్తైన అంచుల పడవ, దూరంగా లంగరు వేసిన తెరచాప ఓడ, కుడివైపు నుంచి సముద్రంలోకి చొచ్చుకువచ్చిన కొండ అందులో కనిపిస్తాయి. సంతకం లేదు. ఇది మా దగ్గరి (ఒడిశా) గోపాలపురం రేవేనని పెద్దలంటారు. ఆకాశం పసుపు తిరిగింది. ఇది 19వ శతాబ్దిదేనా? ఇంట్లోనే శుభ్రం చేసుకోవచ్చా?

జవాబు 1:
గోపాలపురం తీరమంతా ఇసుక దిబ్బలు, వెనక ఉప్పుటేరు. అక్కడ సముద్రంలోకి చొచ్చుకువచ్చే కొండ లేదు. మన తూర్పు తీరంలో సముద్రం ఎడమచేతికి, నేల కుడిచేతికి ఉన్నాయంటే చిత్రకారుడు దక్షిణానికి తిరిగి నిలబడ్డాడన్నమాట. అలా చూస్తే విశాఖపట్నంలోని డాల్ఫిన్స్ నోస్ కొండ గుర్తుకు వస్తుంది. అయితే కూర్పు కోసం లేని కొండలను చేర్చడం ఆ కాలపు చిత్రకారులకు మామూలే కనుక, దీనినే తుది మాటగా తీసుకోకండి. పడవను బట్టి ఊరు తేలదు. మేకులు లేకుండా పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టిన ఈ మసూలా పడవలు మద్రాసులోనూ, విశాఖలోనూ, గోపాలపురంలోనూ ఉండేవి. విశాఖలో ఓడరేవు 1933లో గాని తెరుచుకోలేదు. అంతవరకు ఓడలు దూరంగా లంగరు వేస్తే, సరుకులు, మనుషులు పడవల మీదే ఒడ్డు చేరేవారు. ఆ పడవలను కుట్టడానికి కారణం ఇదే: మేకులతో బిగించిన పలకలైతే అలల దెబ్బకు విరుగుతాయి, తాడుతో కుట్టినవి వంగుతాయి.

జవాబు 2:
ముందు భూతద్దంతో చూడండి. చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే అది చేత్తో వేసిన చిత్రం కాదు, రంగుల్లో ముద్రించి, కాన్వాసులా గరుకు అచ్చు వేసి వార్నిష్ పూసిన ఓలియోగ్రాఫ్ కావచ్చు. మన ఇళ్ళలో "ఆయిల్ పెయింటింగ్" అనే వాటిలో ఇవి చాలా ఉంటాయి. కుంచె గీతలుంటే వెనక్కి తిప్పి కాన్వాసు మీద ముద్ర ఉందేమో వెతకండి. తెలుపులో టైటానియం ఉందని పరీక్షలో తేలితే, ఆ రంగు చిత్రకారులకు 1920 ప్రాంతం నుంచే దొరికింది కనుక, పాతదన్న మాట నిలబడదు; తరువాత ఎవరైనా దిద్ది ఉంటే అది వేరే సంగతి.

ప్రశ్నించినవారు:
చుక్కలు లేవు. వెనక "విన్సర్ అండ్ న్యూటన్, రాత్‌బోన్ ప్లేస్, లండన్" అని మసక ముద్ర ఉంది.

జవాబు 2 ఇచ్చినవారు:
రంగులు, కాన్వాసులు అమ్మే ఆ దుకాణం 1832లో మొదలైంది. ముద్రలో "లిమిటెడ్" అని ఉంటే 1882కు ముందుది కాదు. లేకపోతే అంతకన్నా పాతది కావచ్చు. ముద్ర కాన్వాసు ఎక్కడిదో చెబుతుంది గాని, చిత్రం ఎక్కడ వేశారో చెప్పదు.

జవాబు 3:
ఆకాశం పసుపు తిరగడానికి పాతబడిన వార్నిష్ కారణం కావచ్చు. కింద నీలం బాగానే ఉండవచ్చు. దానికోసం తడిగుడ్డ, బంగాళదుంప ముక్క, కొబ్బరినూనె వంటివేవీ తాకించకండి. పగుళ్ళలో నీరు చేరితే రంగు పెచ్చులుగా లేస్తుంది. భువనేశ్వర్‌లో ఇంటాక్ సంస్థ వారి కళా సంరక్షణ కేంద్రం ఉంది, అక్కడ చూపించండి. ఈలోగా వంటింటి గోడకు, వానకు చెమ్మగిల్లే గోడకు దూరంగా ఉంచండి. నూరేళ్ళు దాటినదైతే 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం దేశం దాటించి అమ్మడానికి వీల్లేదు. మధ్యవర్తులు ఎవరైనా వస్తే ఈ సంగతి ముందే చెప్పండి.