అప్‌డేట్: హీరోయిన్ హత్య నవలలో ఆ సెల్ఫీ ముడి విప్పేశాను

పోయిన నెల అడిగాను కదా: క్యారవాన్‌లో హీరోయిన్ హత్య జరిగిన రెండు గంటలకు ఆమె అకౌంట్‌లో సెల్ఫీ వస్తుంది, అది పాత ఫోటో అని పోలీసులకు ఎలా తెలియాలి అని. చాలామంది ఫోటోలోని ఎగ్జిఫ్ వివరాలు, అంటే ఎప్పుడు, దేనితో తీశారో ఫైల్‌లోనే దాగి ఉండే సమాచారం చూడమన్నారు. నేనూ అలాగే ఒక చాప్టర్ రాసేసి, తర్వాత చింపేశాను. సోషల్ మీడియా సైట్లు చాలావరకు అప్‌లోడ్ అయ్యేటప్పుడే ఆ వివరాలు తీసేస్తాయి. అసలు ఫైల్ ఫోన్లో ఉండాలి, ఆ ఫోనేమో మాయం.

దారి చూపించింది కంటిన్యుటీ ఫోటోలన్న ఒకరి సలహా. సెట్లో ప్రతి షాట్‌కీ నగలు, జుట్టు, గోళ్ల రంగు ఫోటో తీసి పెట్టుకుంటారు, మర్నాడు అతుకు కుదరాలి కాబట్టి. మధ్యాహ్నం సీన్ కోసం ఆమె గోళ్ల రంగు మార్చారు. రాత్రి వచ్చిన సెల్ఫీలో మాత్రం పొద్దుటి రంగే! అంటే ఎవరో ముందే షెడ్యూల్ చేసి పెట్టారు. పాస్‌వర్డ్ ఉన్నది ముగ్గురికే.

మరణ సమయం డాక్టర్ కచ్చితంగా చెప్పేస్తే కథ అక్కడే అయిపోతుందని కూడా భయపడ్డాను. ఏసీ చల్లదనానికి శరీరం బిగుసుకోవడం ఆలస్యమవుతుంది కాబట్టి ఆయన కొన్ని గంటల తేడాతోనే చెప్పగలడు. నాకు అంతే కావాలి.

హంతకుడు హీరోయిన్ మేనేజర్ కాదు. ఇక్కడ అందరూ అతన్నే అనుమానించారు, అందుకే మార్చేశాను.